బొంత టికెట్టు ఇరవై

జయమణి ధర చెప్పిందంటే చెప్పినట్టే. కూర్మన్నపాలెం జంక్షన్ దాటి మార్కెట్టు వైపు తిరిగితే, చర్చి ప్రహరీగోడకి ఎదురుగా ఆమె టైలరింగ్ షాపు. జాకెట్టు ముక్క చేతికివ్వగానే ఒకసారి తడిమి చూస్తుంది, లైనింగు కావాలా వద్దా అని అడుగుతుంది, ధర చెబుతుంది. "కాస్త చూసి చెప్పు" అని ఎవరైనా అంటే, "సూసే సెప్పినాను" అంటుంది. ఆ తర్వాత కళ్ళు మళ్ళీ మిషను మీదికి పోతాయి. అందులో కోపమేమీ ఉండదు. ఎక్కువ చెప్పి తగ్గించుకుంటూ కూర్చోవడం దేనికి, మొదటే సరైనది చెబితే ఇద్దరికీ సుఖం కదా అని ఆమె ఉద్దేశం. కొత్తవాళ్ళు పొగరనుకుంటారు. పాతవాళ్ళు పండగ ముందు వరసలో నిలబడి మరీ కుట్టించుకుంటారు.

పుట్టింది పద్మనాభం దగ్గర చిన్న పల్లెలో. వాళ్ళమ్మ ఇరుగుపొరుగుకి బొంతలు కుట్టేది. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, అంచు నుంచి అంచుకి దగ్గర దగ్గరగా చేతికుట్టు వేసేది. చీర కొంగు చిరిగిపోయినా అందులో ఇంకా పదేళ్ళ బతుకు ఉంటుందని ఆమె నమ్మకం. సూది పట్టడం జయమణి అక్కడే నేర్చుకుంది. స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసే రత్నరాజుని చేసుకుని కూర్మన్నపాలెం వచ్చాక, సెకండ్ హ్యాండ్ మిషనొకటి కొనుక్కుని ఇంటి వసారాలో మొదలుపెట్టింది. ఇద్దరు ఆడపిల్లల్నీ నర్సింగు చదివించింది. వాళ్ళ పెళ్ళిళ్ళయ్యాక మార్కెట్టులో షాపు తీసుకుంది. ఇప్పుడు ఆమెకి యాభై దాటాయి. కళ్ళజోడు వచ్చింది గానీ చెయ్యి మాత్రం తడబడదు.

ఆ ఏప్రిల్లో ఒకరోజు, ఎండ మండిపోతున్న వేళ, ఎదురుగా చేపలమ్మే కాంతం కూర్చున్నచోటే పక్కకి ఒరిగిపోయింది. కాంతం కొన్నేళ్ళుగా చర్చి గోడ నీడన చేపల బేసిను పెట్టుకుని కూర్చునే మనిషి. జయమణి కత్తెర పడేసి పరిగెత్తింది. పక్క బేసిను రాణి సాయం పట్టింది. ఇద్దరూ కలిసి కాంతాన్ని షాపులోకి మోసుకొచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టారు. జయమణి గ్లాసుతో నీళ్ళిచ్చింది. కాంతం రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టేసింది.

"మొత్తం తాగీ" అంది జయమణి.

"వద్దమ్మా. తాగితే మల్లీ ఎక్కడికెల్తాను?"

జయమణికి ఆ మాట వెంటనే ఎక్కలేదు. కాంతం, రాణి, ఇంకా ఆ గోడ వెంబడి కూర్చునే ఆడవాళ్ళందరూ తెల్లారకముందే ఇళ్ళు వదిలి హార్బరుకి పోతారు. వేలంలో చేపలు పట్టుకుని ఆటోలో ఇక్కడికి చేరేసరికి సూర్యుడు పైకొస్తాడు. మధ్యాహ్నం సరుకు అయిపోయేదాకా లేవడానికి లేదు. లేచినా పోవడానికి చోటు లేదు. అందుకని నీళ్ళు తాగడం మానేశారు. ఆ సాయంత్రం ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది కూడా అదే, నీళ్ళు లేక మూత్రపిండాలకి ఇన్‌ఫెక్షన్ వచ్చిందని.

షాపు వెనక జయమణికి బాత్రూం ఉంది. మర్నాటి నుంచి దాని గొళ్ళెం తీసిపెట్టింది. కానీ అది షాపు ఓనరుది, ఆయన వారం తిరక్కుండానే వద్దన్నాడు. అప్పుడామె దృష్టి గోడ మీద పడింది. గోడకి అవతల, చర్చి ఆవరణలో, పాత నీళ్ళ ట్యాంకు తీసేసిన జాగా ఖాళీగా ఉంది. గోడకి తలుపు కొట్టి అక్కడ రెండు గదులు కడితే? మేస్త్రి పైడయ్యని పిలిచి అడిగింది. సెప్టిక్ ట్యాంకుతో కలిపి లక్షా ముప్పై వేలవుతుందన్నాడు.

జయమణి వెళ్ళేదీ ఆ చర్చికే. అక్కడ స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు ప్రసన్నకుమారి టీచరు. రిటైరైనా అందరికీ టీచరే. ఆమె విన్న వెంటనే సరేనంది. పాస్టరుగారు జాగా ఇప్పించారు. డబ్బు మాత్రం లేదన్నారు కమిటీవాళ్ళు, ఉన్నదంతా పైకప్పు రిపేరుకి పోయిందట. సమాజం ఆడవాళ్ళు కూడబెట్టినది నలభై వేలుంది. మిగిలిన తొంభై వేలు ఎక్కడినుంచి తేవాలి?

"బొంత కుడదాం" అంది జయమణి.

వానాకాలమంతా శనివారం శనివారం చర్చి వరండాలో చాపలేసుకుని కూర్చున్నారు. ఎవరింటి నుంచి వాళ్ళు గుడ్డ తెచ్చారు. జయమణి, ఉతికి ఉతికి మెత్తబడిన రత్నరాజు ప్లాంటు యూనిఫాం చొక్కా తెచ్చింది. ప్రసన్నకుమారి టీచరు తన పెళ్ళినాటి వెంకటగిరి చీర తెచ్చి, కత్తెర వేసేటప్పుడు మాత్రం అటు తిరిగి కూర్చుంది. కత్తిరించింది, రంగులు పేర్చింది జయమణే. నడుమ ఎర్రటి చుక్క, దాని చుట్టూ పసుపు, ఆకుపచ్చ, నీలం తిరుగుతూ అంచుదాకా పోయే వరసలు. పూర్తయిన రోజు వరండా మీద పరిస్తే దాని మీద అడుగు పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఇక ధర మాట వచ్చింది. కమిటీలో డబ్బు వ్యవహారం చూసే డానీ గాజువాక బ్యాంకులో పనిచేస్తాడు, చురుకైన కుర్రాడు.

"వేలం పెట్టేద్దాం ఆంటీ" అన్నాడు. "పోయినేడు చర్చిలో కోతపండగకి గుమ్మడికాయనే ఐదువేలకి పాడారు. ఇది ముప్పై నలభై వేలకి తక్కువ పోదు."

"ముప్పై వేలకి ఒకలు పాడుకుంటే ఒకలే ఇచ్చినట్టు. మిగతావోలు సప్పట్లు కొట్టి ఇంటికెల్తారు" అంది జయమణి. "టికెట్లు పెడదాం. లక్కీ డ్రా."

"అయితే టికెట్టు ఐదొందలు. రెండొందలమంది చాలు."

"ఐదొందలా!" అంది టీచరు. "వంద పెట్టు నాయనా. మన సంఘంలో అందరూ ఆఫీసర్లు కారు."

జయమణి ఇద్దరి వంకా చూసి, జాకెట్టుకి చెప్పినట్టే చెప్పింది.

"యాభై. వందంటే ఆడది ఇంట్లో అడగాల. యాభైకి ఎవులూ అడగరు."

ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు. యాభై ఖాయమైంది. లాటరీ అనే మాట రాస్తే లేనిపోని తలనొప్పులని డానీ అంటే, టికెట్టు మీద "కానుక కూపన్" అని అచ్చు వేయించారు. డ్రా డిసెంబరులో, కోతపండగ నాడు.

మొదటి రెండు ఆదివారాలు టికెట్లు చకచకా పోయాయి. ప్లాంటు క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగారు. రత్నరాజు తన షిఫ్టులో అందరికీ అంటగట్టాడు. ఆరువందలదాకా అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కొనేవాళ్ళందరూ కొనేశారు. మూడో వారం డ్యూటీ నుంచి వచ్చిన రత్నరాజు మిగిలిన కట్ట తెచ్చి బల్లమీద పెట్టేశాడు.

"ఇంక నా వల్ల కాదు మణీ. నన్ను సూత్తే సాలు, కేంటీన్లో టీ గ్లాసులొదిలీసి లెగిసిపోతన్నారు."

చేతికొచ్చింది ముప్పై వేలు. ఇంకా అరవై కావాలి. జయమణి బెంబేలు పడే మనిషి కాదు. ఏదో దారుంటుంది, కనబడటం లేదంతే అనుకుంది. ఆ దారి కనబడింది కానాగంత చేపలు కొనడానికి రోడ్డు దాటినప్పుడు.

కాంతం కోలుకుని మళ్ళీ తన చోటికొచ్చేసింది. చేప తోముతూ తలెత్తకుండానే అడిగింది.

"టైలరమ్మా, ఆ రంగు కాయితాలు ఊరందరికీ అమ్ముతన్నావు. మాకు సూపించవేటి?"

జయమణి తడబడింది. "మీ కోసమే కడతన్నాం కాంతం. మీకే ఎలాగ అమ్ముతాను?"

"మా కోసమా? ఏటి కడతన్నారు?"

జయమణి గోడవైపు చెయ్యి చూపించి, ట్యాంకు జాగా గురించి, రెండు గదుల గురించి, తలుపు గురించి చెప్పింది. కాంతం చేతిలో కత్తి ఆగిపోయింది. పక్కనున్న రాణి బేసిను మీదుగా వంగి వింది. రాణి వయసులో చిన్నది, నోరు పెద్దది.

"తలుపు ఏ పక్కన? ఇటా, సర్చిలోకా?"

"ఇటే."

"తాలం ఎవులికాడ ఉంటాది?"

జయమణి మళ్ళీ గోడవైపు చూసింది.

"నీల్లు లోపలికి వత్తాయా, మేమే మోసుకోవాలా? కడిగీది ఎవులు?"

బొంతలో ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో నెలల తరబడి ఆలోచించింది గానీ, తాళం మాట ఆమెకి తట్టనేలేదు.

కాంతం కత్తి కింద పెట్టి, చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంది.

"మంచి పనే సేత్తన్నారమ్మా. కాదన్ను. కానీ మాతో ఒక్క ముక్క సెప్పకుండా కడితే అది మీదవుద్ది, మాదవదు. ఏదీ, ఆ కాయితం ఇలాగియ్యి. ఎంత?"

"యాభై."

"యాభైకి మా కాడ ఎవులు కొంటారు? ఇరవై సెయ్యి."

"ధర పెట్టీసినాం కాంతం. ఇంక మారదు."

"ఇనుకో. ఇప్పుడు సిల్లర ఎవులు తెత్తన్నారు, అందరూ ఫోన్లే కదా. సేప నూటెనభై అయ్యిందనుకో. రెండొందలు కొట్టీండి బాబూ, మిగతా ఇరవైకి బొంత టికెట్టు ఇత్తాను అంటే ఎవులూ కాదనరు. యాభై అన్నానంటే సేపే వొద్దని ఎల్పోతారు." కాంతం రాణివైపు చూసింది. "మేమందరం అమ్ముతాం. అమ్మమా?"

"మేం కాపోతే ఎవులమ్ముతారు?" అంది రాణి.

జయమణి షాపుకొచ్చి మిషను ముందు కూర్చుంది. జాకెట్టు కుడిచెయ్యి గుడ్డని ఎడమవైపు అతికి కుట్టేసింది. విప్పి మళ్ళీ కుట్టింది. కాంతం చెప్పింది నిజమని ఆమెకి అక్కడే తెలిసిపోయింది. బాధ దాని గురించి కాదు. చెప్పిన ధర ఆమె ఇంతవరకూ మార్చలేదు. పైగా ఆరువందలమంది ఆమె మాట మీద యాభై ఇచ్చారు. వాళ్ళ ముఖం ఎలా చూడటం?

రత్నరాజు డ్యూటీ దిగి షాపుకొచ్చేసరికి అన్నం గిన్నె మూత తియ్యకుండానే ఉంది.

"ఏటయ్యింది?" అన్నాడు. ఆమె చెప్పింది. ఆయన కాసేపు గెడ్డం గోక్కున్నాడు.

"ఇరవై సేత్తే ముందు కొన్నోలు ఊరుకుంటారేటి?"

"ఊరుకోరు. నానైనా ఊరుకోను." అంది ఆమె. "వాలకి ఇంకో రెండేసి టికెట్లిచ్చీయాల. యాభైకి మూడు."

రత్నరాజు వేళ్ళు మడిచాడు. "అంటే పది రూపాయలు వాలకే లాబం."

"ఉండనీండి. ముందు నమ్మినోలు వాలు."

ఆ మాట పైకి అనేసరికి ఆమె మనసు తేలికపడింది. అన్నం గిన్నె మూత తీసింది.

ప్రసన్నకుమారి టీచరు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "మధ్యలో ధర మారిస్తే మాట మార్చినట్టే జయా. రేపు ఇంకో మంచి పని మొదలుపెడితే మనల్ని నమ్ముతారా? డబ్బు తక్కువైతే ఇంకో ఏడాది ఆగుదాం."

అందులోనూ న్యాయముందని జయమణికి తెలుసు. అయినా తగ్గలేదు.

"టీచరుగారూ, ధర తప్పు పెట్టింది నాను. డానీ ఐదొందలన్నాడు, మీరు వందన్నారు, నాను యాభై అన్నాను. ముగ్గురం కూకుని మనకి ఎంతయితే బాగుంటాదో సూసుకున్నాం. ఆ గోడకాడ కూకున్నోలని ఒక్క మాట అడగలేదు. ఇంకో ఏడాదంటే ఇంకో ఎండాకాలం. కాంతం మల్లీ పడిపోతాది."

చివరికి టీచరు, "ఆదివారం నువ్వే నిలబడి చెప్పు. నా చేత చెప్పించకు" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక జయమణి ముందుకెళ్ళి మైకు పట్టుకుంది. చర్చిలో నిలబడి మాట్లాడటం ఆమెకి అదే మొదలు.

"బొంత టికెట్టు ధర యాభై అని నాను పెట్టినాను. అది తప్పయ్యింది. ఇవాల్టి నుంచి ఇరవై. యాభైకి కొన్నోలందరికీ ఇంకో రెండు టికెట్లు నానే తెచ్చి ఇత్తాను. అడగడానికి మీరు రానక్కర్లేదు."

వెనక వరసలోంచి ఎవరో, "టైలరమ్మ ధర తగ్గించింది, తారీకు రాసి పెట్టుకోండర్రా" అన్నారు. చర్చి అంతా నవ్వింది. జయమణీ నవ్వింది. ఒక ఆఫీసరు భార్య లేచి, తనకి ఆ రెండు టికెట్లు అక్కర్లేదని, విరాళమనుకోమని అంది.

"అలా కాదమ్మా. మీరు తీసుకోవాల. తీసుకున్నాక పారేసినా మీ ఇష్టమే" అంది జయమణి, మైకులోనే.

డానీ రెండ్రోజుల్లో కొత్త టికెట్లు అచ్చు వేయించాడు. "నేను బ్యాంకులో రోజూ స్కానర్లు అంటిస్తాను ఆంటీ, నాకీ ఇరవై రూపాయల సంగతి తట్టలేదు" అని తనలో తనే నవ్వుకున్నాడు. జయమణి సాయంత్రాలు షాపు కట్టేసి, పాత టికెట్లు కొన్న ఇళ్ళన్నీ తిరిగింది. కొందరు టీ ఇచ్చారు. ఒకరిద్దరు మూతి తిప్పారు. ఆమె రెండు టికెట్లూ చేతిలో పెట్టి, మరో మాట లేకుండా మెట్లు దిగి వచ్చేసింది.

ఇక మార్కెట్టులో ఆట మొదలైంది. బొంతని షాపు ముందు తాడుమీద ఆరేశారు. రోడ్డు మీద పోయే ఆటోలు కూడా నెమ్మదించేవి. ఎదురుగా కాంతం గొంతు లేచేది: "కానాగంతలు నూటెనభై! బొంత ఇరవై!" అచ్యుతాపురం కంపెనీల్లో రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే జంక్షన్లో బస్సు దిగే కుర్రాళ్ళు, కళ్ళు నులుముకుంటూ చేపలు కొని, టికెట్టు చొక్కా జేబులో పెట్టుకుని పోయేవారు. కూరగాయల వాళ్ళు కూడా మాకూ కట్టలిమ్మని అడిగారు.

ఎల్లారావు అని ఒకాయన, పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. రూపాయి దగ్గర కూడా బేరమాడకుండా వదలడు.

"రెండు టికెట్లు ముప్పైకియ్యి" అన్నాడు.

"బేరాలు సేపకాడ ఆడుకోండి బాబూ. బొంతకాడ లేవు" అంది కాంతం.

"మరి ఆ టైలరమ్మ యాభై నుంచి ఇరవైకి దిగిందట కదా?"

"దిగింది. మీ కోసం కాదు, మా కోసం."

ఎల్లారావు సణుక్కుంటూ ఒక్కటే కొన్నాడు. ఎదుటి షాపులో జయమణి సూదిలో దారం ఎక్కిస్తూ ఇదంతా వింటూ కొస జార్చుకుని, మళ్ళీ ఎక్కించింది.

కోతపండగ నాటికి కావలసిన దానికి వెయ్యో రెండు వేలో తక్కువయ్యాయి. అది తన కూలిలో తగ్గించుకుంటానన్నాడు పైడయ్య. ఆ సాయంత్రం చేపలమ్మే ఆడవాళ్ళందరూ తలదువ్వుకుని, పూలు పెట్టుకుని చర్చి ఆవరణలోకి వచ్చారు. ఇన్నేళ్ళూ ఆ గోడకి ఆనుకుని కూర్చున్నవాళ్ళు లోపలికి రావడం అదే మొదటిసారి. చివరి కుర్చీల్లో కూర్చోబోతుంటే టీచరు వెళ్ళి చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చింది. డబ్బాలోంచి టికెట్టు తియ్యమని కాంతాన్ని అడిగితే, "మేం అమ్మినోలం, మేమే తీత్తే బాగోదు" అంది. పాస్టరుగారే తీశారు.

ఎల్లారావు పేరు వచ్చింది.

ఫోను చేస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆటోలో దిగాడు. బొంత రెండు చేతులా అందుకుని ముందు బరువు చూశాడు. "ఈ వైజాగు ఉక్కలో నాను బొంతేటి కప్పుకుంటాను?"

"కప్పుకోకండి, పరుసుకోండి" అంది రాణి.

ఆయన అంచుని వేళ్ళతో రాసి చూశాడు. కుట్టు వెంబడి వేలు పోనిచ్చాడు. ఒక ముక్క దగ్గర ఆగి, ఇది ప్లాంటు చొక్కా కదూ అని అడిగాడు. అవునంది జయమణి. ఆయన ఇంకేమీ సణగలేదు. కాసేపటికి మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

"ఇంతకీ దీని ఖరీదెంత ఉంటాది?"

"మీకు ఇరవై" అంది జయమణి.

సంక్రాంతి దాటాక పైడయ్య పునాది తీశాడు. రోజూ ఏదో ఒక బేసిను దగ్గర నుంచి ఎవరో ఒకరు వచ్చి పని చూసిపోయేవారు. గది తలుపు లోపలికి తెరుచుకుంటే బకెట్టుకి అడ్డమొస్తుందని కాంతం చెబితే బయటికి తెరుచుకునేలా పెట్టాడు. తాళంచెవి ఒకటి చర్చిలో, ఒకటి గోడ దగ్గర ఆ రోజు ముందొచ్చిన వాళ్ళ దగ్గర. కడగడం వంతుల మీద. ఇదంతా వాళ్ళే కూర్చుని తేల్చుకున్నారు. జయమణి ఈసారి విని ఊరుకుంది.

ఫిబ్రవరి చివర్లో ప్రారంభం పెట్టారు. గోడ తలుపు బార్లా తీసి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. డానీ పళ్ళెంలో కత్తెర పెట్టుకుని నిలబడ్డాడు. ఆ కత్తెర జయమణి షాపుదే. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఈ గోడ గురించి, ఈ ఆడపడుచుల కష్టం గురించి, బొంత కుట్టిన చేతుల గురించి ఒక్కొక్కటే తలుచుకుంటూ పోతున్నారు. అది ఎప్పటికి ముగుస్తుందో తెలియడం లేదు.

"అయ్యగారూ, ఏటీ అనుకోకండి" అంది రాణి. "నాను ఆర్బరు నుంచి ఇటే వచ్చీసినాను."

అని రిబ్బను కింద నుంచి వంగి లోపలికి దూరి గది తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడైంది.

అందరూ బిగుసుకుపోయారు. ముందు నవ్వింది టీచరు. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. పాస్టరుగారు కళ్ళు మూసుకునే, చేతులు కట్టుకుని, పెదవి బిగబట్టి ఓపిగ్గా నిలబడ్డారు. లోపల కుళాయి విప్పిన చప్పుడు, బకెట్టులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించాయి.

రాణి తలుపు తీసుకుని, కొంగుకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నీల్లు బాగా వత్తన్నాయి" అంది కాంతంతో. "ఎల్లు."